తుని బరిలో రెండు గ్రాఫిక్స్ కార్డులు

మేం అన్నవరం మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరామనీ, పనిలో పనిగా కంప్యూటరుకి ఏదో ముక్క కొనుక్కొచ్చామనీ మా ఆయన భీమవరమంతా చెప్తున్నారు. వినేవాళ్ళు భక్తిగా తలలు ఊపుతున్నారు. మరి ప్రసాదం ఏదని ఒక్కరైనా అడగొద్దా? అడిగితే బండారం బయటపడేది. మేం అన్నవరంలో రైలు దిగనే లేదు. కిటికీలోంచి కొండ కనబడినప్పుడు ఈయన కూర్చున్నచోటి నుంచే రెండు చేతులూ జోడించారు. మొక్కడమూ అప్పుడే, తీర్చుకోవడమూ అప్పుడే.

మేం వెళ్ళింది గ్రాఫిక్స్ కార్డు కోసం. ఆటలో బొమ్మలు తెర మీద తడబడకుండా కదలడానికి కంప్యూటరు లోపల బిగించే పలక అది. ఆ ఆట ఆడేది పిల్లలు కాదు, నేను. వయసు నలభై ఆరు, చదువు బీఎస్సీ మాథ్స్, మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక కారు రేసు. ఇది చదివి మొహం చిట్లించేవాళ్ళు, అదే వేళకి సీరియల్ ముందు కూర్చుని పరాయివాళ్ళ అత్తల కోసం ఏడ్చే మీ ఇంటివాళ్ళని ఏమంటున్నారో ముందు చెప్పండి.

ఆట కోసం మొగుడూపెళ్ళాలు రెండు జిల్లాలు తిరిగారంటే నవ్వుతారు. దేవుడి కోసమంటే దారిఖర్చు కూడా ఎవరూ అడగరు. మా ఆయనకి ఈ లెక్క బాగా తెలుసు. అందుకే నేను రాస్తున్నాను.

భీమవరం: బయల్దేరకముందే తగువు

మా అమ్మాయి ఇంజనీరింగు హాస్టలుకి పోతూ తన కంప్యూటరు నాకు వదిలేసింది. పాత ఆటలు బాగానే నడిచాయి. కొత్తగా తెచ్చుకున్న రేసులో మాత్రం వానలో తడిసిన రోడ్లు, దీపాలు, నీళ్ళలో ఆ దీపాల నీడలు. నా కంప్యూటరుకి అంత అందం మోసే ఓపిక లేదు. మలుపు కనబడేసరికి నేను గోడలో ఉంటాను.

మా ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. మేత లెక్కలు రాసుకోవడానికి ఈ కంప్యూటరుని చెరువు గట్టు మీది షెడ్డుకి తరలించాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది. తరలిస్తే నెల తిరక్కుండా తుప్పూ ఎలకలూ పంచుకుంటాయని నాకు తెలుసు. కాబట్టి ఒప్పందం కుదిరింది. నేను ఎంచిన కార్డుతో ఆట తడబడకుండా నడిస్తే కంప్యూటరు హాల్లోనే ఉంటుంది, ఇంకెప్పుడూ దాని మాట ఎత్తకూడదు. ఆయన ఎంచిన కార్డే మెరుగని తేలితే అది షెడ్డుకి, నేను సీరియళ్ళకి.

నెలనెలా తెప్పించుకునే కంప్యూటరు పత్రికలో చదివి రెండు కార్డుల దగ్గర ఆగాను. ఒకదాని మెమరీ నూట ఇరవై ఎనిమిది ఎంబీ, రెండోదానిది రెండొందల యాభై ఆరు. మా వైపు మగవాళ్ళు చెరువుకి మోటారు కొనేటప్పుడు అడిగేది ఒక్కటే, ఎన్ని హెచ్‌పీ అని. కార్డు దగ్గరా అంతే.

"రెండొందల యాభై ఆరు పెద్దదా, నూట ఇరవై ఎనిమిది పెద్దదా? బీఎస్సీ మాథ్స్ కదా, నువ్వే చెప్పు" అన్నారు.

"చెరువు ఎంత పెద్దదైతే ఏం లాభమండీ, తూము సన్నదైతే? మీ పెద్ద కార్డుకి మెమరీ ఎక్కువ, అది వచ్చిపోయే దారి సగమే. నా కార్డుకి మెమరీ తక్కువ, దారి వెడల్పు. పైగా పని చేసే చిప్పు కూడా చురుకైంది."

ముప్పై ఏళ్ళుగా తూములు కట్టిస్తున్న మనిషి, నాకు చెరువుల సంగతి చెప్పకు అని తువ్వాలు దులుపుకుని లేచిపోయారు. సరే, చూపిస్తాను పదండి అన్నాను.

నిడదవోలులో పూలమొక్కల మామ్మ

నిడదవోలులో రైలు మారాలి. వచ్చే బండి ఎప్పుడొస్తుందో స్టేషనులో అందరికీ తెలుసు, ఒక్కొక్కరికీ ఒక్కో టైము. మూడు రూపాయల టీ తాగాం. అందులో అల్లం ఉందని అమ్మినవాడు చెప్పాడు కాబట్టి నమ్మాం.

బండెక్కాక మా ఎదురుగా కడియం మామ్మ ఒకావిడ కూర్చుంది. తాడేపల్లిగూడెంలో ఎవరికో గులాబీ మొక్కలు ఇచ్చి, మిగిలిన నాలుగూ ఒళ్ళో పెట్టుకుని ఇంటికి పోతోంది. ఊరూ పేరూ పిల్లలూ అన్నీ అయ్యాక, ఏం పని మీద వెళ్తున్నారని అడిగింది. మా ఆయన అన్నవరం అనబోతుంటే నేను అడ్డుపడి, కంప్యూటర్లో ఆడుకోవడానికి ఒక సామాను కొనుక్కోవడానికని చెప్పాను. ఎవరు ఆడుకోవడానికి అంది. నేనే అన్నాను. మా ఆయన కిటికీలోంచి కొవ్వూరు పొలాలను మహా శ్రద్ధగా చూడ్డం మొదలుపెట్టారు.

మామ్మ నవ్వలేదు. మొక్కల వేళ్ళకి చుట్టిన గోనె సర్దుకుంటూ అంది: "మా ఆయన నలభై ఏళ్ళు పేకాడేడమ్మా. ఆడుకోడానికి ఎల్తన్నాడని ఒక్కరూ అన్లేదు. పని మీద ఎల్తన్నాడనే అన్నారు."

గోదారి వంతెన మీదికి రాగానే బండిలో సగంమంది లేచి నిలబడి చిల్లర విసిరారు. మా ఆయనా ఒక రూపాయి విసిరి కళ్ళు మూసుకున్నారు. ఏం కోరుకున్నారని అడగలేదు. రెండొందల యాభై ఆరే అయ్యుంటుంది.

రాజమండ్రి: మొహమాటం అమ్మే దుకాణం

మా వైపు ఏ వస్తువైనా తెలిసినవాళ్ళ దగ్గరే కొంటారు. వస్తువు మంచిదా కాదా అన్నది తర్వాత. తెలిసిన దుకాణం దాటి పక్క దుకాణం మెట్లెక్కితే రేపు పెళ్ళిలో మొహం ఎలా చూపిస్తాం? కాబట్టి మేం మా ఆయనకి మేనబావ వరసైన సూరిబాబు గారి దుకాణానికే వెళ్ళాం. నాకు అన్నయ్య వరస. ఆయన మొన్నమొన్నటిదాకా నీటి మోటార్లు అమ్మారు. ఇప్పుడు కంప్యూటర్లు అమ్ముతున్నారు. సరుకు మారింది కానీ నోరు మారలేదు. ఏది చూపించినా పెట్టె మీద అరచేత్తో ఒకటి కొట్టి, "కంచు, కంచు" అంటారు.

వెళ్ళగానే రోజ్‌మిల్క్ తెప్పించారు. తాగేశాక బేరం ఆడటం మర్యాద కాదని మా ఆయన నమ్మకం. అందుకే నేను సగం తాగి గ్లాసు పక్కన పెట్టాను.

రెండొందల యాభై ఆరు పెట్టె బల్ల మీదికొచ్చింది. ఖరీదు ఆరువేల రెండొందలు. పెట్టె మీద కత్తి పట్టుకున్న ఒక వీరనారి. ఒంటి మీద ఇనుప కవచం ఉంది కానీ కాపాడాల్సిన చోట మాత్రం లేదు. ఆ బొమ్మకీ కార్డుకీ ఏమిటి సంబంధమని అడిగితే, గ్రాఫిక్సు అంత బాగా వస్తుందమ్మా అన్నారు అన్నయ్య గారు. నేను పెట్టె తిప్పి వెనకవైపు సన్న అక్షరాలు చదివాను. తూము సంగతి అక్కడ ఉంది. పత్రిక చెప్పినట్టే, సగమే. వేలు పెట్టి చూపిస్తే ఇద్దరు బావలూ కళ్ళజోళ్ళు మర్చిపోయారు.

నా కార్డు ఏదన్నాను. తెల్ల పెట్టె, బొమ్మ లేదు, ఐదువేల ఎనిమిదొందలు. ఎవరూ అడగని సరుకమ్మా అది, ఉన్న ఒక్కదాన్నీ తునిలో గేమ్స్ సెంటరు నడిపే అప్పారావుకి అంటగట్టేశాను అన్నారు. పోనీ ఈ పెట్టెయినా విప్పి బిగించి చూపించండి అన్నాను. సీలు తీస్తే మీరే తీసుకోవాలి చెల్లెమ్మా అన్నారు. చూడకుండా ఎలా కొంటానన్నాను. కొనకుండా ఎలా చూస్తారన్నారు. మా ఆయన చెయ్యి అప్పటికే నా హ్యాండ్‌బ్యాగు వైపు వస్తోంది. దారిఖర్చులూ కార్డు డబ్బూ అందులోనే ఉన్నాయి. బ్యాగు ఒళ్ళోకి తీసుకుని, నేను తుని వెళ్తున్నాను, వచ్చేవాళ్ళు రండి అన్నాను.

ఆ పూట వాళ్ళింట్లో భోజనం. వదిన గారు పనసపొట్టు కూర ఆవ పెట్టి చేశారు. గోదారికి తూర్పున ఏది వండినా ఆవ పెట్టకుండా వదలరు. మా వైపు అంత ఘాటు మాటల్లోనే ఉంటుంది. కూర మాత్రం నిజంగా బాగుంది, మూడుసార్లు వడ్డించుకున్నాను. అన్నయ్య గారు మాత్రం అన్నం కెలుకుతూ కూర్చున్నారు. తన సరుకుని ఆడమనిషి అనుమానించింది, అదీ చుట్టం. చెయ్యి కడుక్కుంటూ తేల్చేశారు.

"నేనూ వస్తాను బావా. నా పెట్టె నేనే పట్టుకొస్తాను. తునిలోనే తేలుద్దాం."

పిఠాపురం: పెట్టెకి బొట్టు

మర్నాడు పొద్దున్నే బండెక్కాం. సూరిబాబు గారు వీరనారి పెట్టెని తుండుగుడ్డలో చుట్టి చంకలో ఇరికించుకున్నారు. అచ్చం పందెం కోడిని మోసుకెళ్ళేవాళ్ళ నడకే. నేను ఆ మాట అనగానే నవ్వుతారనుకున్నాను. నవ్వకపోగా ఇద్దరూ అందుకున్నారు. ఇవాళ ఏ వారం, ఏ రంగు గెలుస్తుంది అని లెక్క మొదలైంది. వీరనారి కార్డు పలక ఎర్రది కాబట్టి పందెం కోళ్ళ లెక్కలో అది డేగట. నా కార్డు ఆకుపచ్చ కాబట్టి నెమలి. ఈ వారం డేగకి ఎదురు లేదట. డిగ్రీ ఫెయిలైనవారొకరు, డిగ్రీ దాకా వెళ్ళనివారొకరు, చిప్పుల తయారీకి వారఫలాలు చెప్తుంటే సామర్లకోట దాకా కాలక్షేపానికి లోటు లేదు.

పిఠాపురంలో స్వామి కోడి రూపంలో వెలిశాడు కాబట్టి దిగాల్సిందేనన్నారు. దిగాం. గుళ్ళో పూజారి గారు తుండుగుడ్డ తీసిన పెట్టెని, దాని మీది కత్తినీ చూసి, ఏ అమ్మవారండీ అని అడిగారు. అన్నయ్య గారు తడుముకోకుండా, షాపు పేరు మీద చేయండి అన్నారు. గోత్రం తనదే చెప్పారు. పూజారి గారు పాపం ఆలోచించి, వీరనారి నుదుట ఇంత కుంకుమబొట్టు పెట్టి ఇచ్చారు. మొహానికి కళ వచ్చింది. కప్పుకోవడానికి ఒక గుడ్డ కూడా ఇస్తే బాగుండేది.

నా కార్డు తరఫున నేనేం మొక్కలేదు. దాని గుణం పెట్టె వెనకాల రాసే ఉంది.

తుని: పోటీ

తునిలో మాట మారుతుంది. మా ఏంటి అక్కడ ఏటి అయిపోతుంది. మెస్సులో భోజనం ముప్పై రూపాయలు. నెయ్యి ఒక్క చుక్కే వేస్తారు కానీ, ఆ చుక్క వేసే చెయ్యి చాలా పైకి లేస్తుంది. భోజనమయ్యాక పక్క సందులో ఉన్న అప్పారావు గారి గేమ్స్ సెంటరుకి వెళ్ళాం. పక్కనే తమలపాకుల మండీ.

సంగతి విని అప్పారావు గారు నా వంకా మా ఆయన వంకా చూసి, "ఆడేది ఎవరండి?" అన్నారు. ఈ ప్రశ్న ఈ జిల్లాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. నేనే అన్నాను. మంచి మనిషి, కుర్చీ తుడిచి ఇచ్చారు. ఒకే కంప్యూటర్లో మొదట పెద్ద కార్డు, తర్వాత చిన్న కార్డు బిగించి, అదే ఆట, అదే రోడ్డు నడపాలని షరతు పెట్టాను. సెకనుకి ఎన్ని బొమ్మలు కదులుతున్నాయో తెర మూల ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె పెరిగితే ఆట నునుపు, తగ్గితే తడబాటు. అంతకంటే తీర్పు అక్కర్లేదు.

ఇంతలో పక్క మండీలోంచి ఒకరొకరే లోపలికొచ్చారు. ఆకుల వ్యాపారి కామేశం గారు, మెస్సాయన, బస్సు కోసం చూస్తున్న ఇద్దరు ముగ్గురు. దేనికీ దేనికీ పోటీ అని అడిగారు. సూరిబాబు గారు చెప్పిన తీరుకి వాళ్ళకి కంప్యూటరు కనబడ్డం మానేసి బరి కనబడింది. రెండు నిమిషాల్లో పై పందేలు మొదలయ్యాయి. కోళ్ళని వదిలేవాళ్ళ పందెం ఒకటైతే, చుట్టూ నిలబడ్డవాళ్ళు తమలో తాము కాసుకునేవి పై పందేలు. వేళ్ళు లేస్తున్నాయి, తలలు ఊగుతున్నాయి. ఎవరు ఎటు కాశారో నాకు తెలీదు. నేను తెర వైపు తిరిగి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

మొదట వీరనారి. వాన మొదలైంది, దీపాలు వెలిగాయి. బొమ్మ అందంగానే ఉంది, కదలదు. అంకె ఇరవై దాటనంటోంది. మలుపులో కారు ఆగి, ఆలోచించి, గోడకి వెళ్ళింది. భీమవరంలో నా పాత కంప్యూటర్లో జరిగేది కూడా ఇదే. ఆరువేల రెండొందలు పోసి ఇదే ముచ్చట మళ్ళీ కొనుక్కోవాలన్నమాట.

కార్డు మార్చేటప్పుడు వెనక్కి తిరిగాను. మా ఆయన మంచినీళ్ళ సీసా అందించారు. ఎడమచేతికి వాచీ లేదు. మా నాన్న పెట్టిన వాచీ అది, నిద్రలో కూడా తీయరు. ఉక్కపోతకి తీశారేమో అనుకున్నాను.

తర్వాత నా తెల్ల పెట్టె. అదే వాన, అదే దీపాలు, అదే మలుపు. కారు మలుపు తిరిగింది. మళ్ళీ రాస్తున్నాను, తిరిగింది. అంకె నలభై దిగలేదు. తడిరోడ్డు మీద దీపాల నీడలు నా చక్రాల కింద చీలిపోతుంటే నేను ఊరు చివరిదాకా ఆపకుండా పోయాను. హెడ్‌ఫోన్ తీసేసరికి పందేలు కాసిన వేళ్ళన్నీ కిందికి దిగిపోయి ఉన్నాయి.

సూరిబాబు గారు ముందు తేరుకున్నారు. "చెల్లెమ్మ మొదటిసారి కావాలని మెల్లిగా తోలిందండి" అన్నారు. అయితే పెద్ద కార్డు మళ్ళీ బిగించండి, మీరే తోలండి అన్నాను. బిగించారు, తోలారు. మొదటి మలుపులో గోడ, రెండో మలుపులో గోడ, మలుపు లేనిచోట కూడా గోడ. అంకె పదిహేడు. అన్నయ్య గారు కుర్చీలోంచి లేస్తూ, కరెంటు ఓల్టేజీ సరిగ్గా లేదు అన్నారు.

నేను గెలిచాననుకుంటున్నారా? ఇంకా వినండి. పక్కన నిలబడి రెండు కళ్ళతో మొత్తం చూసిన కామేశం గారు, అంకెలు పైకి చదివి అందరికీ వినిపించిన అదే కామేశం గారు, నుదుట బొట్టున్న వీరనారి పెట్టెని అక్కడికక్కడే కొనేశారు. వాళ్ళింట్లోవాళ్ళు ఆడుకోవడానికట. ఓడిపోయింది కదండీ అన్నాను. "ఓడితే ఓడిందిలెండి. పెద్దది పెద్దదే కదా" అన్నారు. పైగా పూజ చేసిన పెట్టె. సీలు తీసింది కాబట్టి సూరిబాబు గారు వంద తగ్గించారు. ఇంకో రెండు పంపమని కామేశం గారే ఆర్డరు కూడా ఇచ్చారు.

నా తెల్ల పెట్టె నేను కొనుక్కున్నాను. అప్పారావు గారు దాని మీద పైసా తగ్గించలేదు. గెలిచిన కోడికి ధర తగ్గదన్నారు.

తిరుగు ప్రయాణం

తుని స్టేషనుకి నడిచి వస్తుంటే మా ఆయన ఒక బట్టల కొట్టు ముందు ఆగారు. ఆగి, లోపలికెళ్ళి, నాకొక ఉప్పాడ నూలు చీర తీశారు. లేతాకుపచ్చ. పెళ్ళై పాతికేళ్ళు దాటింది. ఈ మనిషి నేను అడక్కుండా చీర కొనడం నేను చూడ్డం ఇదే మొదలు. డబ్బు తన జేబులోంచే తీసి ఇచ్చారు. టీకి చిల్లర కావాలన్నా నా బ్యాగు తడిమే మనిషి. వాచీ మళ్ళీ చేతికి వచ్చేసింది. ఇంకో చేతిలో తుని తమలపాకుల బుట్ట, పైన తడిగుడ్డ కప్పి ఉంది. కామేశం గారు స్నేహానికి ఇచ్చారట.

అన్నవరం కొండ దాటేదాకా నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను. వాచీ పోయింది, వచ్చింది, చీరతో వచ్చింది. అంటే పై పందెంలో కామేశం గారితో కాశారు, గెలిచారు. గెలిచింది నా కార్డు. అంటే దారి పొడుగునా పెద్ద కార్డు తరఫున వాదించి, డేగకి జై కొట్టి, కోడిస్వామి గుళ్ళో పొర్లుదండాలు ఒక్కటే తక్కువగా మొక్కిన ఈ పెద్దమనిషి, నేను వీపు తిప్పగానే నా కార్డు మీద వాచీ పెట్టారు. తన కోడికి ఎదురు కాసినవాణ్ణి మా ఊళ్ళో బరి దగ్గరకి రానివ్వరు. ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను ఇంటిదాకా ప్రయాణం చేశాను.

కాస్త ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. పెద్ద కార్డు గెలిస్తే కంప్యూటరు షెడ్డుకి పోయేది, ఆయన గెలిచినట్టు. చిన్న కార్డు గెలిస్తే కామేశం గారి డబ్బు, అప్పుడూ ఆయనే గెలిచినట్టు. రెండు జిల్లాలు తిరిగి నేనొక్కదాన్నే పందెంలో ఉన్నాను.

నా కార్డు మీద ఎందుకు కాశారని అప్పుడే అడిగాను. జవాబుగా ఆయన రెండు ఆకులు ఈనెలు తీసి, సున్నం రాసి, మడిచి నోట్లో పెట్టుకుని, చెయ్యి ఊపారు. నోట్లో ఆకు ఉంది, మాట్లాడలేను అని అర్థం. నిడదవోలు దాకా అదే సైగ. ఇంటికొచ్చాక వారం రోజులు అదే సైగ.

కంప్యూటరు హాల్లోనే ఉంది. మధ్యాహ్నాలు ఊరు చివరిదాకా ఆపకుండా పోతున్నాను. మొన్న ఆయన నా వెనకాల నిలబడి కాసేపు చూసి, ఆ మలుపులో బ్రేకు ముందే వేయాలి అని సలహా కూడా చెప్పారు. కార్డు తనే ఎంచానని ఊళ్ళో చెప్పుకుంటున్నారంటే చెప్పుకోనివ్వండి, తెల్ల పెట్టె నా బీరువాలో భద్రంగా ఉంది.

కానీ బుట్టలో తమలపాకులు అయిపోయి చాలా రోజులైంది. ఏమండీ, నోరు ఖాళీగానే ఉంది కదా, ఇప్పుడు చెప్పండి. ఆ తూము సంగతి మీకు భీమవరంలో నేను చెప్పినప్పుడే అర్థమైందా, లేక తునిలో నేను వెనక్కి తిరిగి మిమ్మల్ని చూడబోనని తెలిశాక అర్థమైందా?